నోరే కదా

గుణుపురంలో టేసనుకెల్లే రోడ్డు మలుపులో
మెట్లకి పచ్చరంగేసిన నర్సింగ్ హోముంది.
ఆ మెట్లు నానే తుడుస్తాను.
పేరు కొత్తమ్మ.
జీతం పాతది.

మొదట తుడుపే అన్నారు.
తరవాత దుప్పట్లుతకమన్నారు.
సరే, సేతులెలాగూ నీళ్ళల్లోనే ఉన్నాయి కదా అనుకున్నాను.
రాత్రి ఎనక గేటు తాళం నీదే అన్నారు.
తాళంసెవి బరువేటి, బొడ్డులో దోపుకున్నాను.
పోయిన శ్రావణంలో ఓపీ గది గుమ్మంలో నిలబడి
సాహు మేనేజరు పిలిసేడు:
"నీకు సవర మాట వొస్తాదంట కదా.
డాక్టరుగారికి కాస్త అందించు.
ఖాలీ కొథా తో. నోరే కదా."

వొస్తాది.
మాయమ్మ పుట్టాసింగి సంతకి ఎండునెత్తళ్ళు మోసీది,
గంపెనకాల నాను.
సవర ముసిలమ్మ ఒకర్తి నెత్తల్ని ముక్కుకాడ పెట్టుకుని
"ఇవి మొన్నటివి" అంది.
ఆ బాసలో నాను నేర్సిన మొదటి మాట అదే.
లెక్కా ఆళ్ళకాడే నేర్సేను.
పన్నెండు దాటితే పదమూడనరు ఆళ్ళు,
పన్నెండూ ఒకటంటారు.
నా ఉజ్జోగానికిప్పుడు పన్నెండూ ఒకటి.
ఆ సంతలో పిడికెడెక్కువేస్తే ఎక్కువే,
ఊరికే ఎయ్యమని ఎవులూ అడిగీవోరు కాదు.

ఇప్పుడు తుడుపుకర్ర గోడకానించి పరిగెడతాను.
డాక్టరుగారు ఒడియాలో "ఎక్కడ నొప్పి" అంటారు,
నాను సవరలో అడుగుతాను.
ఆళ్ళు కొండ గురించి సెప్తారు,
సచ్చిపోయిన తాత కల్లోకొచ్చి
కల్లడిగేడని సెప్తారు, ఇవ్వలేదని సెప్తారు,
ఆకరికి పొట్టమీద సెయ్యేస్తారు.
"కడుపునొప్పంట బాబూ" అంటాను నాను.
మిగిలిందంతా నాలోనే ఉండిపోద్ది.
ఫినాయిలు నీళ్ళకైతే తూముంది.

ఒకపాలి జీతం అడిగేను.
సాహు నవ్వేడు. "మాటలకి జీతమిస్తే
మా ఇంటిదానికెంతివ్వాలే" అన్నాడు.
కాంపౌండరు నవ్వేడు.
నాకూ నవ్వొచ్చింది. అదే నాకు పడలేదు.

మొన్న తెల్లారగట్ల మూడుకి
సుకురు సబర పెళ్ళాం పోయింది,
కడుపులోదాన్ని తీసుకునే పోయింది.
నాలుగు దుప్పట్లు.
నర్సు నాకేసి సూసింది. డాక్టరుగారు గోడకేసి సూసేరు.
సాహు బిల్లు కాయితం నా సేతిలో పెట్టి
"రెండూ ఒక్కపాలే సెప్పీ" అన్నాడు.

బల్లమీద సుకురు, ఒళ్ళో కొత్త తువ్వాలు,
సీటీ ఇంకా ఊడలేదు.
పక్కన కూకున్నాను.
ఈ ఇంట్లో ఆ బల్లమీద నాను కూకోడం అదే మొదలు.
ఒకటి సెప్పేను.
సవరలో అది సిన్న మాటే.
రావడానికే సానాసేపు పట్టింది.
ఆడు తువ్వాలు మడతపెట్టేడు. ఇప్పేడు.
మళ్ళీ మడతపెట్టేడు, ఈపాలి సిన్నగా.

రెండోది సేతిలోనే ఉంది, సెమటకి మెత్తబడిపోయి.
పద్దెనిమిదివేల నాలుగొందలు.
ఆ అంకెని పన్నెండ్లూ ఇరవైలూ కట్టి సెప్పాల.
కట్టలేదు.
"ఎనక గేటు తీస్తాను, ఆటో అటే వొస్తాది" అన్నాను.
తాళంసెవి నా బొడ్డులోనే కదా ఉన్నాది.

పొద్దున్న సాహు అడిగేడు,
"డబ్బు సంగతేటన్నాడు?"
"కొండమీద కంది కోతయ్యేక తెస్తానన్నాడు."
సుకురు ఆ మాటన్లేదు.
సుకురు ఏ మాటా అన్లేదు.
అది నా సొంత మాట,
దానికి మాత్రం జీతం అడగను.

సాహు రాసుకున్నాడు, కోతలయ్యేక అని, ఎర్రసిరాతో.
నాను బకెట్టెత్తుకున్నాను.
మూడో మెట్టుకాడ పచ్చరంగు లేసిపోతంది,
ఎంత తుడిసినా
కింద ఎనకటి రంగే.